ఏళ్ల తరబడి వదిలేసిన తోట జాగా: పీకాలా, తవ్వాలా, కప్పాలా?

మొలక:
అందరికీ నమస్కారం. సుమారు 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న జాగా మా చేతికొచ్చింది. ఒకప్పుడు తోట ఉండేదట. చాలా ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నడుమెత్తు పిచ్చి మొక్కలు, వాటి కింద చాపలా అల్లుకున్న గడ్డి, ఒక మూల ముళ్ల పొద, రెండు మూడు పాత మొద్దులు, ఇటుక ముక్కలు, గాజుపెంకులు. కూరగాయలు పెంచాలని ఆశ. మనుషులం ఇద్దరమే, అదీ సెలవు రోజుల్లోనే. యంత్రంతో ఒకేసారి దున్నించేస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

గునపం:
మొలక గారూ, దున్నించే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందుగా చేయాల్సింది తవ్వకం కాదు, కోత. ఆ పిచ్చి మొక్కల్లో పూత మీదున్నవి, గింజ కట్టబోతున్నవి ఉంటాయి. గింజ రాలకముందే వాటిని మొదలుకంటా కోసేస్తే వచ్చే ఏటి పని సగం తగ్గినట్టే. కొడవలి చాలు, లేదంటే బ్రష్ కట్టర్ అద్దెకు తెచ్చుకోండి. గాజుపెంకులు, ఇటుక ముక్కలు ఉన్నాయన్నారు కాబట్టి మొదటి కోత కొడవలితోనే, నేలకు ఒక జానెడు పైన కొయ్యండి. కింద ఏముందో కనబడ్డాక రెండో కోత నేలకు ఆనించి చేయవచ్చు.

ముళ్ల పొదని కొసల నుంచి ముక్కలుగా కోసుకుంటూ మొదటి దాకా రండి. మొద్దుల విషయంలో ఒక్కమాట. వాటిని నేలమట్టానికి కోసేయకండి. కనీసం మూడు నాలుగు అడుగుల మాను నిలబెట్టి, చుట్టూ తవ్వి పక్క వేళ్లు నరికాక ఆ మానునే పట్టుకుని ఊపితే తల్లివేరు కదులుతుంది. ముందే పొట్టిగా కోసేస్తే పట్టు దొరక్క గునపంతో రోజంతా గుద్దుకోవాలి.

చినుకు:
పనిలోకి దిగే ముందు ఇది చదవండి. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఇలాంటి జాగాలు శుభ్రం చేస్తూ దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్లని తరచూ చూస్తుంటాను.

మోకాలి కింద వరకు వచ్చే బూట్లు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి. బ్రష్ కట్టర్ వాడితే కళ్లద్దాలు కూడా. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటిందేమో చూసుకోండి. మట్టిలో ఆ సూక్ష్మజీవి మామూలుగానే ఉంటుంది. తుప్పు పట్టిన మేకే గుచ్చుకోనక్కర్లేదు, లోతుగా దిగిన ముల్లు చాలు. లోతైన, మురికి గాయమైతే ఐదేళ్లు దాటినా డాక్టరుకు చూపించాలి.

పొదల్లో పాములుండే చోటైతే ఒక వైపు నుంచి మొదలుపెట్టి రెండో వైపుకు కోసుకుంటూ వెళ్లండి. నాలుగు వైపుల నుంచీ మధ్యకు వస్తే వాటికి పోయే దారి ఉండదు. ముందు కర్రతో కొడుతూ అలికిడి చేయండి. రాళ్లని, చెక్కలని చేత్తో ఎత్తకండి, గునపంతో తిరగేయండి. ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, ఇవేవీ వద్దు. కాటు పడిన భాగాన్ని కదలనివ్వకుండా, నడిపించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు అక్కడ ఇచ్చే మందే.

వయ్యారిభామ కనక ఉంటే వట్టి చేత్తో ముట్టుకోకండి. చాలామందికి చర్మం దద్దురు లేస్తుంది, పుప్పొడికి ఉబ్బసం వస్తుంది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకేయాలి. ఒక్క మొక్క 15,000కు పైగా గింజలు వేయగలదు.

మొలక:
చాలా థాంక్స్ చినుకు గారూ, టీకా సంగతి మాకు తట్టనే లేదు. పైకోత అయింది. వయ్యారిభామ నిజంగానే ఉంది, ఎత్తుగా పెరిగినవాటిలో ఎక్కువ అదే. కింద చాపలా ఉన్న గడ్డిని పీకుతుంటే రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేళ్లు దింపింది. ఇంకోటి నిటారుగా, నిగనిగలాడే ఆకులతో ఉంది, తేలిగ్గా ఊడొస్తోంది. ఆ రెండోది సులువే కదా?

వానపాము:
మొలక గారూ, ఆ రెండోదే అన్నిటికన్నా కష్టం. దాని కాడని వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి. మూడు అంచులు తగిలితే అది తుంగ. ప్రపంచంలోకెల్లా మొండి కలుపు మొక్కల జాబితాలో మొదట చెప్పే పేరు దానిదే. మొదటిది గరిక.

తేలిగ్గా ఊడొస్తోందంటే పని అయిపోయిందని కాదు. ఒక మొక్క చుట్టూ చేతి పారతో జానెడు లోతు మట్టిని జాగ్రత్తగా ఎత్తి, నీళ్లలో కడిగి చూడండి. ఆకుల కింద చిన్న ఉబ్బు, దాని నుంచి సన్నటి తీగ, ఆ తీగకి నల్లటి పొట్టుతో ఒక గడ్డ. అక్కడి నుంచి మరో తీగ, మరో గడ్డ. ఇలా వరసగా ఉంటాయి. మీరు పైనుంచి లాగితే ఆ మొదటి తీగ పుటుక్కున తెగుతుంది. ఆకు మీ చేతికొస్తుంది, గడ్డలన్నీ లోపలే ఉంటాయి. గొలుసు కలిసి ఉన్నంతకాలం చివరి గడ్డ మొలిచి మిగతావి నిద్రపోతుంటాయి. గొలుసు తెగితే నిద్రలో ఉన్నవి కూడా లేస్తాయి. ఒక్కో గడ్డకి మొలిచే కళ్లు చాలా ఉంటాయి, కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి వస్తుంది.

గడ్డల్లో అధికభాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి, కొన్ని ఇంకా లోతుకు దిగుతాయి. దీనికి రెండు బలహీనతలున్నాయి. నీడని ఓర్చుకోలేదు. గడ్డలు ఎండకి బాగా ఆరితే చచ్చిపోతాయి. మొత్తం వ్యూహం ఈ రెంటి మీదే నిలబడాలి.

పొలంగట్టు:
ఇంత చిన్న జాగాకి ఇంత ఆలోచన ఎందుకండీ? పవర్ టిల్లర్ పెట్టి రెండు సాళ్లు కొట్టిస్తే పూటలో నేల పొడి పొడిగా అయిపోతుంది. ఇద్దరు మనుషులు సెలవు రోజుల్లో పారతో ఎప్పటికి పూర్తి చేస్తారు? మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

గునపం:
పొలంగట్టు అన్నా, విసుగొచ్చి వదిలేస్తారన్న మాటలో నిజముంది. కానీ గరిక, తుంగ ఉన్న నేలలో ఆ యంత్రం చేసే పని నరకడం. గరిక తీగని పది ముక్కలు చేస్తే పది మొక్కలవుతుంది, ప్రతి కణుపూ మొలుస్తుంది. తుంగ గొలుసులు తెగి జాగా అంతా పరుచుకుంటాయి. దున్నిన వారం కళ్లకు పండగలా ఉంటుంది, ఒక వాన పడగానే ఒత్తుగా పచ్చగా కమ్మేస్తుంది. పైగా తడి బంకనేలలో తిరిగే బ్లేడ్ల కింద గట్టి పొర ఒకటి తయారవుతుంది, వేళ్లు అక్కడితో ఆగిపోతాయి. ఇక గాజుపెంకులు, ఇటుక ముక్కలు ఉన్నాయన్నారు. అవి ఎగిరి తగిలితే?

వేళ్లు, గడ్డలు, రాళ్లు ఏరేశాక, ఎరువు కలపడానికి యంత్రం పెడితే నాకు అభ్యంతరం లేదు.

పొలంగట్టు:
గరిక సంగతి సరే, ఒప్పుకుంటున్నాను. పొలంలో అయితే మేం మండుటెండల్లో లోతు దుక్కి చేసి, పెళ్లల్ని అలాగే వదిలేస్తాం. గరిక వేళ్లు, తుంగ గడ్డలు పైకి తేలి ఎండిపోతాయి. ఆ పద్ధతి వీళ్లకీ పనికొస్తుంది. పారతో తిరగేసినా ఫరవాలేదు. కానీ వాన రాకూడదు, పెళ్లలు పగలగొట్టకూడదు.

వానపాము:
అదే అసలు మాట. తిరగేసిన పెళ్లని నాలుగైదు రోజులు గట్టి ఎండలో వదిలి, మళ్లీ రెండో వైపుకి తిప్పాలి. మధ్యలో వాన పడితే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పచ్చిరొట్ట:
నాది వేరే అభిప్రాయం. అసలు తవ్వడమే ఎందుకు? జపాన్‌లో ఫుకువోకా అనే రైతు దశాబ్దాల పాటు దున్నకుండానే పంట తీశాడు. మీరు నేలని తిరగేసిన ప్రతిసారీ లోపల నిద్రపోతున్న గింజల్ని వెలుగులోకి తెచ్చినట్టే. విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో మిషిగన్‌లో కలుపు విత్తనాల్ని ఇసుకతో కలిపి 20 సీసాల్లో పాతిపెట్టాడు. 2021లో బయటికి తీసిన సీసాలోని గింజల్లో కొన్ని అప్పటికీ మొలిచాయి. ఎన్నో ఏళ్లుగా వదిలేసిన మీ జాగాలో అలాంటి నిల్వ ఎంత ఉంటుందో ఊహించండి. వానపాములు, శిలీంధ్రాల అల్లిక, నేల గుల్లదనం, అన్నీ తవ్వకంతో చెదిరిపోతాయి.

నేలమట్టానికి కోసి, బాగా తడిపి, అట్టపెట్టెలు విప్పి పరచండి. టేపు, పిన్నులు తీసేయాలి. అట్ట మీద అట్ట జానెడు ఎక్కాలి, సందులుండకూడదు. దానిపైన మక్కిన ఎరువు, ఆకులు, గడ్డి అర అడుగు మందాన పోయండి. వెలుగు లేక కిందవి చస్తాయి. మెత్తటి కలుపైతే కొన్ని నెలల్లో నేల నల్లగా, మెత్తగా దొరుకుతుంది.

గునపం:
పచ్చిరొట్ట గారూ, మామూలు కలుపుకైతే మీ మాటకు తిరుగులేదు. కానీ తుంగ మొలక సూదిలా ఉంటుంది. తడిసి నానిన అట్టని పొడుచుకుని పైకి వస్తుంది, పలచటి ప్లాస్టిక్‌ని కూడా చీలుస్తుంది. గరికేమో అట్ట కిందే పాక్కుంటూ వెళ్లి అంచు దగ్గర తల ఎత్తుతుంది. ఇక తొక్కుడు పడి గట్టిపడిన నేలలో, ఇటుకలు పూడుకుపోయిన చోట, అట్ట కప్పి కూర్చుంటే గాజుపెంకు అడుగునే ఉంటుంది. పిల్లలు మట్టిలో చేతులు పెట్టే తోటలో దాన్ని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఒక్కసారి తవ్వి, ఏరి, ఆ తర్వాత మీ పద్ధతిలో కప్పుకుంటూ పోవడం మంచిదంటాను.

పచ్చిరొట్ట:
ఒక్కసారి తవ్వి ఆపై ఎప్పటికీ కప్పడం... దానికి నేను అడ్డు చెప్పను. అయితే జాగా అంతా ఒకేసారి తవ్వొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఖాళీగా, ఎండకీ వానకీ వదిలేసిన నేలంత త్వరగా కలుపు పట్టేది ఇంకోటి లేదు. ఈ నెలలో ఎంత నాటగలరో, ఎంత కప్పగలరో అంతే తవ్వండి.

గునపం:
ఇది నా నోట రావాల్సిన మాట! మొలక గారూ, దీన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. జాగాని నాలుగైదు మడులుగా విడగొట్టి ఒకటి తవ్వండి. మిగతావి కోసి, కప్పి ఉంచండి.

ఎర్రనేల:
కప్పడానికి ఏ షీటు వాడాలో చెప్పలేదు ఎవరూ. నల్లదా, తెల్లదా?

వానపాము:
రెండూ వేరు వేరు పనులకి. నల్లది వెలుగు ఆపి మొక్కని మాడ్చి చంపుతుంది, నెమ్మదిగా. నెలల తరబడి ఉంచాలి, మందంగా ఉండాలి. పారదర్శకమైన పలచటి షీటు ఎండని లోపలికి రానిచ్చి మట్టిని ఉడికిస్తుంది. ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం 1976లో ఈ పద్ధతి మీద పరిశోధన ప్రచురించాక ఇది ప్రపంచమంతా పాకింది. నేలని చదును చేసి, బాగా తడిపి, షీటు నేలకి అంటుకునేలా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, ఏడాదిలో అతి వేడి రోజుల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. పై పొరలో చాలా కలుపు గింజలు, కొన్ని తెగుళ్లు పోతాయి. తుంగ గడ్డలకి మాత్రం ఇది నమ్మకమైన మందు కాదు, లోతులో ఉన్నవి బతికిపోతాయి. నీడ పడే జాగాలో, మబ్బు కాలంలో అసలు పనిచేయదు.

ఎర్రనేల:
అర్థమైంది. ఇంకోటి. ఇంత కష్టపడే బదులు గ్లైఫోసేట్ అనే కలుపుమందు ఒకసారి కొడితే?

వానపాము:
పనిచేసే తీరు ముందు చెబుతాను. పచ్చని, పెరుగుతున్న ఆకు మీద పడితే అది వేరు దాకా దిగుతుంది. కోసేసిన మోడు మీద, దుమ్ము పట్టిన, వాడిన ఆకు మీద కొడితే దండగ. తుంగ మీద ఒకసారితో పని కాదు, నిద్రలో ఉన్న గడ్డలకి మందు చేరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని 'మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో చేర్చింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. చాలాచోట్ల దాని మీద ఆంక్షలున్నాయి, మీ చోటి నిబంధన చూసుకోవాలి. నా మటుకు, ఇంటి కూరల కోసం 800 చదరపు అడుగుల జాగాలో దాని అవసరం కనిపించడం లేదు.

మొలక:
అందరి మాటా విని మడులుగా విడగొట్టుకున్నాం. ముళ్ల పొద పోయింది, మాను ఊపి ఒక మొద్దు తీశాం. గునపం గారూ, మీరు చెప్పిన కిటుకు అద్భుతంగా పనిచేసింది. ఇప్పుడు మొదటి మడి తవ్వబోతే పార దిగడం లేదు. పైన రాయిలా ఉంది. నీళ్లు పోస్తే బురదై పారకి అంటుకుంటోంది. ఏం చేయాలి?

గునపం:
నేల పదును, అంటే తవ్వడానికి తగిన తేమ, చూసుకోవాలమ్మా. నీళ్లు పోసిన వెంటనే పార పట్టకూడదు. సాయంత్రం నెమ్మదిగా, లోపలికి ఇంకేలా తడిపి రెండు మూడు రోజులు ఆగండి. పై నుంచి కాదు, జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ఉండ కట్టి, బొటనవేలితో తాకగానే విరిగిపోతే అదే అదును. తాకినా విరగక వేలిముద్ర పడితే ఇంకా ఆగాలి. ఉండే కట్టకపోతే మళ్లీ తడపాలి. బంకనేలని తడి మీద తవ్వితే ఆ పెళ్లలు ఆరాక గునపానికి కూడా లొంగవు, ఆ చెడుపు చాలాకాలం ఉంటుంది.

తవ్వే తీరు: మడి ఒక చివర అడుగు వెడల్పు, పార లోతున కందకం తీసి ఆ మట్టిని మడి రెండో చివరకి చేర్చండి. కందకం అడుగుని గునపంతో పొడిచి వదులు చేయండి, తిరగేయొద్దు. అడుగు మట్టి పైకి రాకూడదు, సారమంతా పై మట్టిలోనే ఉంటుంది. తర్వాత పక్కన ఇంకో అడుగు తవ్వుతూ ఆ మట్టిని మొదటి కందకంలో వేయండి. వేసేముందు ప్రతి పార మట్టినీ విదిలించి గరిక తీగలు, తుంగ గడ్డలు, పెంకులు ఏరండి. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు తవ్వితే ఒకరు కూర్చుని ఏరండి. గంటకోసారి పని మార్చుకోండి. చివరి కందకంలో మొదట తీసిన మట్టి పడుతుంది. తవ్విన మడి మీద కాలు పెట్టకండి, నడవడానికి బాట వదులుకోండి, మడి మధ్యకి రెండు వైపుల నుంచీ చేయి అందేంత వెడల్పే చాలు.

వానపాము:
కందకం తీసినప్పుడే నీరు ఇంకే తీరు కూడా చూసేయండి. అడుగు లోతు గుంటలో నీళ్లు నింపి, అవి ఇంకాక మళ్లీ నింపండి. మర్నాటికీ నిలిచే ఉంటే మడుల్ని ఎత్తుగా చేసుకోవాలి. ఇంకా, బంకనేలని వదులు చేద్దామని కాస్త ఇసుక కలపడం చాలామంది చేస్తుంటారు. కొద్దిగా ఇసుకతో మేలు జరగదు, ఇంకా గట్టిపడవచ్చు కూడా. దానికి సరైన మందు మక్కిన సేంద్రియ పదార్థమే.

పాత ఇంటి గోడల పక్కన గాని, కూలిన కట్టడం మీద గాని జాగా ఉంటే, పాత రంగుల్లోని సీసం మట్టిలో ఉండే వీలుంది. ఇటుకలు దొరికాయన్నారు కాబట్టి ఒకసారి మట్టి పరీక్ష చేయించడం మంచిది.

కొత్తచిగురు:
ఏరిన గరిక, తుంగ ఎక్కడ వేయాలి? కోసిన చెత్తంతా తగలబెట్టేయొచ్చా?

పచ్చిరొట్ట:
తగలబెట్టొద్దు అండీ. పొగ ఒక బాధ, చెత్తలో ప్లాస్టిక్ ముక్కలుంటే ఇంకా ప్రమాదం. నేలకి చేరాల్సిన సేంద్రియమంతా గాలిలో కలిసిపోతుంది. గింజ కట్టని ఆకు, మెత్తటి కాడలు కంపోస్టు గుంటలోకి. గరిక తీగలు, తుంగ గడ్డలు మాత్రం పచ్చివి ఎప్పుడూ కంపోస్టులో వేయకూడదు. సిమెంటు నేల మీద పరిచి ఎండకి పెళపెళలాడేదాకా ఆరబెట్టండి. లేదా నల్ల సంచిలో మూట కట్టి మండుటెండలో వారాల పాటు వదిలేయండి. ముళ్ల కంప ఓ పక్కన కుప్ప పెడితే తొండలకి, పిట్టలకి ఆసరా.

ఎరువు సంగతి. పశువుల ఎరువు బాగా మాగి, మట్టి వాసన వచ్చేదే వాడండి. పచ్చి పేడ వేరుని మాడుస్తుంది. పచ్చిక బయళ్లలో కొట్టే అమినోపైరాలిడ్ లాంటి కలుపుమందులు పశువు కడుపులోంచి పేడలోకి వచ్చి నెలల తరబడి నిలవగలవు. అనుమానముంటే కుండీలో ఆ ఎరువు కలిపి చిక్కుడు గింజలు వేసి చూడండి. కొత్త ఆకులు ముడుచుకుని వంకర్లు పోతే ఆ ఎరువు తోటలోకి రానివ్వకండి. రంపపు పొట్టు, ఎండు కొమ్మల తుక్కు పైన పరచొచ్చు గానీ మట్టిలో కలపొద్దు. అది చివికేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేస్తుంది.

మొలక:
మొదటి మడి అయింది! ఏరిన తుంగ గడ్డలు రెండు బకెట్లు. గాజుపెంకులు వేరే డబ్బాలో. ఒక సీసా మూత, పాత తాళం కూడా దొరికాయి. ఎరువు కలిపాం. కానీ ఎంత ఏరినా ఈరోజు చూస్తే తుంగ మొలకలు మళ్లీ సూదుల్లా లేచాయి. ఇంకా నాటలేదు. మళ్లీ మొత్తం తవ్వాలా?

వానపాము:
వద్దు. అవి రావడం మామూలే, ఏరినప్పుడు తప్పించుకున్న గడ్డలవి. ఒక్కో మొలక పక్కన సన్నటి చేతి పార దింపి, మొలకని పట్టుకుని గడ్డతో సహా ఎత్తేయండి. మట్టి ఇప్పుడు గుల్లగా ఉంది కాబట్టి తీగ తెగకుండా గడ్డ వచ్చేస్తుంది. మొలిచిన కొన్ని వారాలకే కొత్త గడ్డలు కట్టడం మొదలవుతుంది. అందుకే రెండు మూడు వారాలు దాటనివ్వకుండా చుట్టు తిరగాలి. గడ్డ రాకపోయినా ఆకు తీసేయండి. ప్రతిసారీ లోపలి నిల్వ ఖర్చవుతుంది. ఈ ఏడాది గట్టిగా పట్టుకుంటే వచ్చే ఏడాది తేడా మీకే తెలుస్తుంది.

గునపం:
మొదటి పంటగా ఏం వేస్తారన్నది కూడా ముఖ్యం. ఉల్లి, వెల్లుల్లి, క్యారట్ లాంటి సన్నాకువి వద్దు. నీడ పడదు, కలుపు తీసేటప్పుడు అవే ఊడొస్తాయి. గుమ్మడి, చిలగడదుంప, అలసంద, ఇలా నేలని కమ్మేసేవి వేయండి. వాటి కింద తుంగ నీరసిస్తుంది. చిలగడదుంప తవ్వేటప్పుడు మిగిలిన గడ్డల్ని ఏరుకునే అవకాశం మళ్లీ వస్తుంది.

పచ్చిరొట్ట:
ఇప్పట్లో నాటలేని మడి ఒకటి తవ్వి ఉంటే జనుము గాని జీలుగ గాని ఒత్తుగా చల్లండి. పూత మొదలయ్యే సమయానికి, అంటే ఆరేడు వారాలకి, కోసి అక్కడే పరచండి లేదా కలిపేయండి. కాడ గట్టిపడే దాకా ఉంచితే త్వరగా చివకదు.

పొలంగట్టు:
కప్పి ఉంచిన మడుల అంచులు మర్చిపోకండి. గరిక ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. జాగా చుట్టూ జానెడు లోతు, జానెడు వెడల్పు కాలవ తీసి ఖాళీగా ఉంచండి. పాకే తీగ అక్కడ గాలిలోకి వేలాడుతుంది, నెలకోసారి కోసేస్తే చాలు.

మొలక:
చుట్టూ కాలవ ఈ వారమే తీస్తాం. మొదటి మడిలో గుమ్మడి, అంచున అలసంద. రెండో మడి మీద నల్ల షీటు వేశాం, మూడు, నాలుగు మడులు కోసి అట్టలు పరిచాం. ఒకే సందేహం: మొదటి మడిలో గుమ్మడి పాకేలోపు మధ్యలో ఖాళీ నేల ఉంటుంది కదా, అక్కడ ఎండు గడ్డి పరచొచ్చా?

గునపం:
పరవండి, కానీ వెంటనే కాదు. ముందు ఒకటి రెండుసార్లు తుంగ మొలకలు ఏరుకోండి, గడ్డి పరిస్తే అవి కనబడవు. గుమ్మడి నాలుగైదు ఆకులు వేశాక గింజల్లేని ఎండు గడ్డి నాలుగు వేళ్ల మందాన పరిచి, మొదలు చుట్టూ మాత్రం బెత్తెడు ఖాళీ వదలండి, లేదంటే కాడ కుళ్లుతుంది.